నాలుగో రోజు కథ

టమాటల ఆటో మైకు కంటే ముందే
మా డప్పు మోగింది వాడంత.
సెలవుల బైబిలు బడి, పది రోజులు,
మర్రిగూడ రోడ్డు పక్క రేకుల చర్చిల.
వచ్చినోళ్లకు రస్నా, ఒక బిస్కెటు పుడ.
పది తప్పి మిషను కుట్టు నేర్సుకుంటున్న నన్ను
జీవరత్నం పాస్టరు గారు టీచరును జేసిండు.

మొదటినాడు పదకొండు మంది.
రస్నా సంగతి పాకినంక నలభై మూడు.
తండా నుంచి, గొల్లవాడ నుంచి,
మసీదెనక సందు నుంచి చెల్లెను సంకనేసుకొని ఒక పిల్ల.
"పాటలు పాడు గాని బొట్టు తీయకు" అని
తల్లి చెప్పి పంపిన శివలీల
ప్రతి పాటకు చప్పట్లు కొట్టి
ఒకసారి నుదురు తడుముకునేది.
నవ్వితే అందరియి ఒక్కతీరు పండ్లు,
గోధుమరంగు చారలు.
మా బోరు అందరికీ ఒక్కటే సంతకం పెట్టింది.

నాలుగోనాడు నడుం వంగిన ఆడామె కథ.
పద్దెనిమిదేండ్లు నేలనే చూసినామె,
ప్రభువు పిలిచి చెయ్యి పెడితే లేచి నిలబడ్డామె.
ఫ్లానెలు గుడ్డ మీద అంటించే బొమ్మల పాకెట్ల
నిటారుగ నిలబడ్డ బొమ్మ ఉంది:
తెల్లటి మొఖం, నీలం ముసుగు, ఈ ఎండ ఎరగని మెడ.
వంగిన బొమ్మ ఎక్కడ పోయిందో లేదు.
రాత్రి సిమెంటు సంచి కాయితం మీద నేనే గీసిన.
ఎవలనీ తలుసుకోలే.
చెయ్యికి తెలిసిన వంపు చెయ్యే గీసుకుంది.

బోర్డు మీద పెట్టంగనే లింగస్వామి లేచిండు.
"అక్కా, గిది మా నాయినమ్మ!"
పిల్లలంత నవ్విన్రు.
వాడు నవ్వలే.
కథ అయ్యేదాక నిలబడే ఉన్నడు.
వంగిన బొమ్మ తీసి నిటారు బొమ్మ అంటిస్తుంటే
నా చేతులనే చూసిండు,
దుకాణంల తూకం చూసినట్టు.
"రేపు తోల్కొస్త" అన్నడు.
నేను రస్నా గిలాసలు కడగనీకి పోయిన.

ఆ రాత్రి పాస్టరు గారినడిగిన, ఏం జేద్దామని.
"ప్రార్థన జేద్దాం బిడ్డా,
జేసుడు మన పని, అయ్యుడు మన పని గాదు" అన్నడు.
అంటూ అంటూ మోకాలు ఒత్తుకున్నడు.
ఆయన గూడ ఇరవై ఏండ్లు ఆ నీళ్లే తాగిండు.

వచ్చింది బక్కమ్మ.
మనవడు ముందు, కర్ర నడుమ, ఆమె ఎనక.
నేలను చదువుకుంట వచ్చి
గడప దగ్గర చెప్పులిడిసి, వాటిని సక్కగ పెట్టింది.
పాస్టరు గారు ఆమె తల మీద చెయ్యి పెట్టిండు.
నలభై మూడు జతల కండ్లు మూసుకున్నయి.
నేను మూసుకోలే.
లింగస్వామి ఒక కన్ను తెరిచిండు,
నాయినమ్మ ఎత్తు కొలిచిండు,
మల్ల మూసుకున్నడు, ఇంకా గట్టిగ.
ఫ్యాను కరెంటు పోయి ఆగింది.
ఆమేను.

ఎవలూ మాట్లాడలే.
బక్కమ్మే గిలాస అందుకొని రస్నా తాగింది.
"గివి యాడి నీళ్లు?"
"క్యాన్ నీళ్లమ్మా, నల్లగొండ నుంచి వస్తయి."
"గదే. నాలుక మీద రాయి లేదు."
ఇంకో గిలాస అడిగి తాగి
వరుసల కూసున్న పిల్లలను చూసింది,
ఒకలెంక ఒకలను, తీరుబడిగ.
"పెద్దోళ్ల మొఖాలు చూడక ఎన్నేండ్లాయె బిడ్డా,
వాళ్లయి మోకాళ్లే ఎరుక నాకు.
గీ పోరలయి మంచిగ అందుతున్నయి."

లింగస్వామి తన హాజరు కార్డు పట్టుకొచ్చిండు.
"నాయినమ్మకు గూడ చుక్క అంటియ్యి."
ఆమెకు కార్డు లేదు.
వాని కార్డులనే ఐదో గడిల
రెండు చుక్కలంటిచ్చిన, ఒకదాని మీదొకటి ఎక్కేటట్టు.

మర్నాడు వాడు రాలే.
ఆ మర్నాడూ రాలే.
ఎనిమిదోనాడు ఎనక వరుసల కూసున్నడు,
పాటకు పెదవి కదపలే, బిస్కెటు మాత్రం తీస్కున్నడు.
నేను కథ చెప్తుంటే ఇటు చూడలే.

పదోనాడు తల్లులొచ్చిన్రు, చప్పట్లు కొట్టిన్రు,
శివలీల బొట్టు చెమటకు కరిగి ముక్కు దాక జారింది.
జనం పోయినంక బొమ్మలు సదురుకుంటున్న.
గొర్రెలున్నయి. పడవ ఉంది.
నీలం ముసుగామె, నిటారుగ, మడత పడకుండ ఉంది.
సిమెంటు సంచి కాయితపుది లేదు.

బెంచీల కింద చూసిన.
కుట్టు పెట్టెల గూడ చూసిన.
లింగస్వామి ఇంటి ముంగట నుంచే రోజూ మిషనుకు పోత.
ఒక్కనాడు గూడ అడగలే.